అంకెల కందని ఆటగాడు: కర్నల్ సి. కె. నాయుడు

కొల్లేటి నీటినడుమ పెద్దింట్లమ్మవారి కోవెల నాశ్రయించియున్న కొల్లేటికోటయందైనను, ఏలూరు బజారునందైనను, తాడేపల్లిగూడెపు కళాశాలల ముంగిళ్లయందైనను, భారతజట్టు పరదేశపు జట్టుతో క్రికెట్టు ఆడిన మఱునాటి యుదయమున ఒక సభ తనంత తానే కూడుచుండును. ఆ సభకు అధ్యక్షుడు లేడు, ఆహ్వానము లేదు. వలలు ఆరవేసి వచ్చినవారు, బడికి పోవలసిన బాలురు, ఆ బడిలో పాఠము చెప్పవలసిన పంతుళ్లు, అందఱును అందు న్యాయమూర్తులే. ఎవడెన్ని పరుగులు తీసెనో, ఎవడు విడువదగిన బంతిని తాకి ఔటయ్యెనో, నాయకుడు ఏ తరుణమున బౌలరును మార్చక పొరపడెనో, గ్లాసులోని టీ చల్లారువఱకు విచారణ సాగును. తుదకు అంకెలు సాక్ష్యమునకు వచ్చును. అంకె పెద్దదైనవాడు గొప్పవాడు, చిన్నదైనవాడు అల్పుడు. అంతటితో తీర్పు ముగియును.

అంకె సాక్షియే గాని న్యాయమూర్తి కాదు. ఈ సంగతిని తన జీవితముతో నిరూపించిన ఆటగాడొకడు తెలుగువారిలోనే కలడు. భారతదేశపు టెస్టుజట్టునకు మొట్టమొదటి నాయకుడైన కర్నల్ కొఠారి కనకయ్య నాయుడుగారే ఆ మహనీయుడు. ఆయన పూర్వుల ఊరు మచిలీపట్టణము. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడువఱకు కొల్లేటికోటకును ఆ బందరే జిల్లా ముఖ్యపట్టణము. కావున కొల్లేటి గట్టున క్రికెట్టు తీర్పులు చెప్పువారికి ఆయన కథ పరాయి కథ కాదు.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరునందు జన్మించిరి. బందరునుండి వెడలిన ఆ కుటుంబము మధ్యపరగణాలలో స్థిరపడి, న్యాయవాదవృత్తిలో పేరు గడించినది. తండ్రి సూర్యప్రకాశరావుగారు ఇంగ్లండునందు చదువుకొని వచ్చినవారు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, బడిలో ఇంగ్లీషు: ఇట్టి వాతావరణమున పెరిగిన బాలునకు ఆటస్థలమే అన్నిటికంటె ప్రియమైన పాఠశాల యయ్యెను. నాగపూరు హిస్లాప్ విద్యాలయపు రోజులనుండియే ఆయన బ్యాటు పేరు ఊరిలో వినబడసాగినది. ఆయన తమ్ముడు సి. యస్. నాయుడు సైతము తరువాతి కాలమున దేశపు జట్టున నిలిచి, 11 టెస్టు లాడెను.

ఆ దినములలో భారతదేశపు క్రికెట్టు మతములవారీగా చీలియుండెను. బొంబాయిలో ఏటేట జరుగు క్వాడ్రాంగులర్ పోటీయందు యూరోపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేర్వేరు జట్లుగా ఆడుచుండిరి. 1916లో నాయుడుగారు హిందూజట్టున చేరి యూరోపియనులకు ఎదురుగా తొలిసారి పెద్దపోటీలోనికి దిగిరి. ఆ వేదికపై ఆయన తీసిన మొదటి పరుగులే సిక్సరు రూపమున వచ్చినవి. ఇరువది యేండ్ల యువకుడు, ఎదుట తెల్లదొరల జట్టు, చుట్టును వేలకొలది జనము. అట్టి చోట తొలి పరుగునకై తడబడుట సహజము. ఆయన తడబడలేదు. ప్రేక్షకులు ఆ క్షణమునందే ఆ పేరును గుర్తుపెట్టుకొనిరి.

1923లో ఇండోరు ప్రభువగు హోల్కరు మహారాజు ఆయనను తన సంస్థానమునకు రప్పించి, సైన్యమునందు పదవి నొసగెను. కర్నల్ అను బిరుదము ఆయనకు అచటినుండి వచ్చినదే. దీర్ఘమైన శరీరము, నిటారుగా నిలిచిన వెన్ను, మితభాషణము, కఠినమైన క్రమశిక్షణ. వీని వలన ఆటస్థలమునందును ఆయన సైన్యాధికారివలెనే కానవచ్చుచుండెను.

1926వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీ ఆయన జీవితముననే గాక, భారత క్రీడాచరిత్రయందును మఱపురాని దినము. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం. సి. సి. జట్టు వచ్చియుండెను. బొంబాయి జింఖానా మైదానమున హిందూజట్టుతో ఆడుచు ఆ జట్టు 363 పరుగులు చేసెను. అందు గై ఎర్ల్ అను ఆటగాడు ఒక్కడే 130 పరుగులు తీసి, బంతిని పలుమాఱులు ఎల్లల కావల పడవేసెను. భారతీయులు ఇట్టి ఆటకు బదులు చెప్పగలరా యని చూపరులలో అనేకులకు సందేహము కలిగియుండును.

మఱునాడు నాయుడుగారు బ్యాటు పట్టుకొని దిగిరి. మొదట సిక్సరు, పిమ్మట మఱియొకటి, ఆపై వరుసగా ఒకదాని వెంట నొకటి. వార్త మైదానము దాటి వీథులకు, వీథులు దాటి కార్యాలయములకు ప్రాకెను. పనులు విడిచి జనులు పరుగెత్తి వచ్చిరి. చోటు చాలక చెట్లెక్కిరి. చుట్టుప్రక్కల మేడల పైకప్పులెక్కిరి. 116 నిమిషములలో 153 పరుగులు! అందు 11 సిక్సరులు, 13 ఫోర్లు. ఒక ఇన్నింగ్సులో అన్ని సిక్సరులు అంతకుముందు పెద్దపోటీలలో ఎవ్వరును కొట్టియుండలేదు. వానిలో నొకటి జింఖానా భవనపు కప్పు మీదనే పడెను. ఆ భవనమున భారతీయులకు సభ్యత్వము లేని కాలమది. బంతి మాత్రము ఎవరి యనుమతియు నడుగక అచటికి పోయెను. హిందూజట్టు 356 పరుగులు చేసెను. ఎం. సి. సి. వారు ఆ యాటను మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి.

ఆ దినపు ఫలమేమి? పుస్తకములో చూచిన, ఆట ఎవ్వరును గెలువకయే ముగిసినది. కాని ఆ యాటను కన్నులార చూచినవారు ఇంటికి పోయి చెప్పుకొన్నది జయాపజయముల సంగతి కాదు. ఇంగ్లండువారి బౌలర్లను భయము లేక ఎదుర్కొనవచ్చునన్న సంగతి. ఆనాటి ఆట చూచి గిల్లిగన్ వంటివారికిని భారతీయులు టెస్టులకు తగుదురన్న నమ్మకము బలపడినది. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్టు బోర్డు అవతరించెను. ఈ పరిణామమునకు ఆ 153 పరుగులే ఏకైక కారణ మనుట అతిశయోక్తి; కాని వానికి అందు గొప్ప పాలు కలదనుట సత్యము.

1932లో భారతజట్టు ఇంగ్లండునకు పయనమయ్యెను. నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబమునకు చెందిన ఘనశ్యామసింహజీ. సంస్థానాధీశులు ధనసహాయము చేయు కాలమగుటచే నాయకత్వము వారి యింటి సొత్తుగా నుండెను. పోరుబందరు మహారాజు తన యాటశక్తి యెంతయో తానెఱిగి ప్రధానపోటీలనుండి తప్పుకొనుట ఆయన ఔదార్యము. లింబ్డీ కుమారుడు గాయపడుటచే టెస్టు నాడు నాయకత్వము నాయుడుగారికి దక్కినది. సామాన్యకుటుంబీకుని క్రింద ఆడుట కొందఱికి రుచింపలేదు. జట్టులోని ఈ మనఃస్పర్థలను వెంటబెట్టుకొనియే ఆయన జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున కాలు మోపిరి.

ఆ యాటను ఒక్కొక్క ఆటగాని వరుసన పరిశీలించుట ఉచితము. ఏలయన భారతీయ క్రీడాభిమానులు టెస్టు ఆటగాండ్ర గుణదోషములను తూచుట ఆ దినముననే ప్రారంభమైనది. ఇంగ్లండుపక్షమున ఆట నారంభించినవారు హోమ్స్, సట్‌క్లిఫ్. పది దినముల ముందే వీరిరువురు యార్క్‌షైరు పక్షమున మొదటి వికెట్టునకు 555 పరుగులు కూడబెట్టి ప్రపంచమును ఆశ్చర్యపఱచియుండిరి. అట్టివారిని మహమ్మద్ నిసార్ తన వేగముతో వెంటవెంటనే బౌల్డు చేసెను. ఉల్లీ యంతటివాడు లాల్ సింగు చుఱుకుదనము వలన రనౌటయ్యెను. 19 పరుగులకు మూడు వికెట్లు! ఆట తెలిసిన ఇంగ్లీషువారు తమ కన్నులను తాము నమ్మలేని స్థితి యది. పిమ్మట జార్డిన్ 79, ఏమ్స్ 65 పరుగులు తీసి తమ జట్టును 259కి చేర్చిరి. నిసార్ 93 పరుగులిచ్చి 5 వికెట్లు తీసెను.

భారతజట్టు బదులుగా 189 పరుగులు చేసెను. మంచి పునాది పడిన పిమ్మట కడపటి వికెట్లు త్వరత్వరగా పడిపోవుటయే ఇందలి లోపము. అందఱికంటె ఎక్కువ పరుగులు నాయుడుగారివే: 40. ఫీల్డింగునందు బంతిని పట్టబోయి దెబ్బతిన్న చేతితో తీసిన నలుబది యవి. రెండవ ఇన్నింగ్సున జహంగీర్ ఖాన్ 60 పరుగులకు 4 వికెట్లు తీసినను, జార్డిన్ 85 పరుగులతో అజేయుడై నిలిచెను. గెలుపునకు దూరమైపోయిన తరుణమున అమర్ సింగు 51 పరుగులు కొట్టెను. టెస్టులలో భారతీయుడు చేసిన తొలి అర్ధశతక మదియే. లాల్ సింగుతో కలిసి ఆయన అతిత్వరగా 74 పరుగులు చేర్చెను. నాయుడుగారు ఈ మాఱు 10 పరుగులకే ఔటయిరి. 187 పరుగులతో ఆట ముగిసి, భారతదేశము 158 పరుగుల తేడాతో ఓడిపోయెను.

ఇచట తీర్పరులకు పరీక్ష కలదు. 51 పెద్దదా, 40 పెద్దదా? అంకెను బట్టి 51 పెద్దది. కాని నలుబది తీసిన తరుణమున ఆట ఎటు మొగ్గునో తెలియని స్థితి, ఎదుట బోస్, వోస్ వంటి బౌలర్లు, చేతికి గాయము, తలపై నాయకత్వభారము. అమర్ సింగు ఆటను తక్కువ చేయనక్కఱలేదు. ఓడిన జట్టు తల వంచకుండ చేసిన ఆట యది. ఒక్కొక్క పరుగునకు కాలమును, స్థలమును, భారమును చేర్చి తూచిననే తూనిక సరియగును.

ఆ పర్యటనమందలి మొదటి తరగతి పోటీలలో నాయుడుగారు 1618 పరుగులు తీసిరి. 65 వికెట్లు పడగొట్టిరి. ఐదు శతకములు, 32 సిక్సరులు కొట్టిరి. బర్మింగుహాము ఎడ్జ్‌బాస్టన్ మైదానమున ఆయన కొట్టిన బంతి ప్రక్కనున్న రే నది కావల పడినదని ప్రసిద్ధి. ఆ యేరు అప్పట్లో రెండు కౌంటీలకు ఎల్ల. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలకు చిరకాలము ఎల్లగానుండిన ఉప్పుటేటి గట్టుపై నిలిచి, ఒక జిల్లానుండి మఱియొక జిల్లాలోనికి బంతిని కొట్టుటతో దానిని పోల్చుకొనవచ్చును. ఆ మఱుసటి సంవత్సరము విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాండ్రలో నొకనిగా నెన్నుకొనెను.

1933వ సంవత్సరము డిసెంబరులో భారతభూమిపై తొలి టెస్టు బొంబాయి జింఖానా మైదానముననే జరిగెను. ఏడేండ్లకు ముందు నాయుడుగారు సిక్సరుల వాన కురిపించిన చోటే యది. రెండవ ఇన్నింగ్సున లాలా అమర్‌నాథ్ 118 పరుగులు తీసి భారతదేశపు తొలి టెస్టు శతకమును సాధించెను. జనులు ఆనందముతో నుప్పొంగిరి. ఆ శతకమునకు అండగా ఎదుటి కొసను నిలిచి 67 పరుగులు తీసినవారు నాయుడుగారు. ఇరువురును కలిసి 186 పరుగులు చేర్చిరి. లోకము 118ని గుర్తుంచుకొన్నది; 67ని మఱచినది. ఇరువది రెండేండ్ల దూకుడునకు ముప్పది యెనిమిదేండ్ల నిబ్బరము తోడు లేనిచో ఆ శతకము పూర్తియగునో లేదో ఎవరు చెప్పగలరు? భారతజట్టు ఆ యాటలో ఓడినది. కల్కత్తాలో డ్రా చేసికొన్నది. మదరాసులో మఱల ఓడినది. నాయకుడుగా నాయుడుగారి నాలుగు టెస్టులు అంతటితో ముగిసినవి. గెలుపు ఒక్కటియు లేదు.

1936లో మఱల ఇంగ్లండు ప్రయాణము వచ్చినది. ఈ మాఱు నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు లభించెను. విధివైచిత్ర్య మేమనగా, ఇరువురును తెలుగు నేలకు సంబంధించినవారే. ఒకరికి వంశము, ధనము, పలుకుబడి అండ. మఱియొకరికి బ్యాటే అండ. మహారాజకుమారుడు క్రికెట్టు కొఱకు ధనమును విరివిగా వెచ్చించినవాడు. తరువాతి కాలమున బోర్డు అధ్యక్షుడై, రేడియో వ్యాఖ్యాతయై ఆటకు సేవచేసినవాడు. దానిని కాదనరాదు. కాని ఆ మూడు టెస్టులలో ఆయన తీసినవి మొత్తము 33 పరుగులు మాత్రమే. జట్టు వర్గములుగా చీలెను. అమర్‌నాథ్ తొలి టెస్టునకు ముందే క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపబడెను. నాయుడుగారు అట్టి జట్టులో సాధారణసభ్యుడుగా ఆడవలసివచ్చెను. నాయకత్వము పోయిన పిమ్మట ఆడుట నాయకత్వము వహించుటకంటె కష్టము.

ఆగస్టులో ఓవల్ మైదానమున కడపటి టెస్టు. మొదటి ఇన్నింగ్సున ఆయన 5 పరుగులకే ఔటయిరి. రెండవ ఇన్నింగ్సున గబ్బీ అలెన్ విసరిన బంతి వచ్చి ఆయన శరీరమునకు బలముగా తగిలెను. వయస్సు నలుబది దాటినది. బాధతో క్షణకాలము శ్వాస యాడలేదు. ఆయన మైదానము వీడలేదు. మఱల నిలిచి 81 పరుగులు తీసిరి. టెస్టులలో ఆయన అత్యధిక మదియే. ఆయన కడపటి టెస్టు ఇన్నింగ్సును అదియే. ఆ 81 పరుగులు భారతదేశమును గెలిపింపలేదు. అయినను జట్టు కలహములను గూర్చి ఎన్ని గ్రంథములు వ్రాసినను చెప్పజాలని మాటను ఆ యాట చెప్పినది: పదవి పోయినను బాధ్యత పోలేదని.

ఇప్పుడు లెక్క చూతము. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు సరిగా 25, వికెట్లు 9. శతకము లేదు, జయము లేదు. నేటి బాలుడు ఈ పట్టికను చూచి, ఇంతేనా యని ప్రశ్నించుటలో తప్పు లేదు. ఉపాధ్యాయుడు ఈయవలసిన సమాధాన మిది. ఆయన తొలి టెస్టు ఆడునాటికి వయస్సు 36 సంవత్సరములు. ఆటగాని కండబలము, కంటిచూపు మెఱుగుగానుండు ప్రాయమున, అనగా 1916నుండి 1931వఱకు, ఆయన దేశమునకు టెస్టులే లేవు. వచ్చిన పిమ్మట నాలుగేండ్లలో ఏడుమాఱులు మాత్రమే అవకాశము. పట్టికలో నుండవలసిన పుటలు చరిత్ర చింపివేసినది. మిగిలిన పుటలను మాత్రమే చదివి గ్రంథమును నిందించుట న్యాయము కాదు. మొదటి తరగతి పోటీలన్నిటిని చూచినచో 207 ఆటలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు. ఈ లెక్క కొంత నిండుగానున్నది. అయినను పూర్తిది కాదు. చెట్లెక్కి చూచినవాని గుండె దడ ఏ లెక్కలోనికి వచ్చును?

టెస్టులు ముగిసినను ఆట ముగియలేదు. హోల్కరు జట్టునకు నాయకుడై ఆయన తొమ్మిదేండ్లలో ఎనిమిదిమాఱులు ఆ జట్టును రంజీ ట్రోఫీ తుదిపోటీకి చేర్చి, నాలుగుమాఱులు గెలిపించిరి. లార్డ్స్ మైదానమున దక్కని విజయము ఇండోరున దక్కినది. 1945-46 పోటీలలో బరోడాపై 200 పరుగులు తీసిరి. వయస్సు అప్పటికి ఏబది దాటినది! ఆయన జీవితమున అత్యధిక మదియే. 1951-52 తుదిపోటీలో బొంబాయి బౌలరు దత్తు ఫడ్కర్ బంతి తగిలి పండ్లు విరిగినను, వానిని ప్రక్కకు త్రోసి ఆట కొనసాగించిరని నేటికిని చెప్పుకొందురు. క్రింద ఆడు కుఱ్ఱవాండ్రు చిన్న దెబ్బకు మూలుగుటకు సిగ్గుపడెడివారన్న ఆశ్చర్య మేమి?

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ శీతకాలముననే ఆంధ్రజట్టు తొలిసారిగా రంజీ ట్రోఫీలో ప్రవేశించెను. ఆ క్రొత్త జట్టునకు నాయకత్వము వహించుటకు వచ్చినవారు ఏబది యెనిమిదేండ్ల నాయుడుగారు. అప్పటికి ఆయన పొందవలసిన కీర్తి అంతయు పొందియుండిరి. క్రొత్త జట్టు, అనుభవము లేని యువకులు; పెద్ద విజయముల నాశింపదగిన చోటు కాదు. బందరునుండి నాగపూరునకు, అచటినుండి ఇండోరునకు పోయిన కుటుంబపు బిడ్డ, పితరుల గడ్డపేరు గల జట్టునకు మొదటి అడుగులు నేర్పుటకై వచ్చెను. దేశమునకు తొలి నాయకుడైనవాడు ఆంధ్రమునకును తొలి నాయకుడయ్యెను. ఈ సంగతికి సగటు లెక్కింపనక్కఱలేదు.

పిమ్మట 1956-57లో ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడుచు, అఱువదియొకటవ యేట రాజస్థానుపై 84 పరుగులు తీసిరి. వినూ మన్కడ్ అంతటి బౌలరును సిక్సరులకు కొట్టిరి. ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో గౌరవించినది. 1963లో, అఱువదియెనిమిదేండ్ల ప్రాయమున, ఒక సహాయార్థపు పోటీలో కడపటిసారి బ్యాటు పట్టిరి. తొలి పోటీకిని దీనికిని నడుమ నలుబదియేడు సంవత్సరములు. 1967వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇండోరున ఆయన కన్నుమూసిరి. ఆయన కుమార్తె చంద్రా నాయుడుగారు భారతదేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి మహిళలలో నొకరై, తండ్రి జీవితమును గ్రంథముగా వ్రాసిరి. ఆట నాడిన యింటనుండియే ఆటను వివరించు గొంతు పుట్టుట ముచ్చటైన విషయము. 1994లో బోర్డు ఆయన పేరిట జీవితసాఫల్య పురస్కారమును నెలకొల్పగా, దానిని మొదట అందుకొన్నవాడు లాలా అమర్‌నాథ్. బొంబాయిలో 118 తీసిననాడు ఎదుటి కొసను నిలిచినవాని పేరే ఆయనను తుదకు సత్కరించినది.

రేపు మఱల కొల్లేటికోట రేవున సభ కూడును. పడవ గట్టునకు చేరకమునుపే నిన్నటి ఆట వాదమునకు వచ్చును. ఒకడు పరుగులు లెక్కించును; ఒకడు నాయకుని తిట్టును. తిట్టనిండు, లెక్కింపనిండు. ఆటపై ప్రేమ లేనిచో ఆ కోపమే రాదు. కాని ఆ గుంపులోని ఒక బాలుడు లేచి, ఆ పరుగులు ఏ స్థితిలో వచ్చినవి, ఎదుట ఎవరుండిరి, ఆ బ్యాటు పట్టిన చేతికి గాయమేమైన నుండెనా యని అడిగినచో, వాడు క్రికెట్టునే గాక చరిత్ర చదువుటను, మనుష్యులను తూచుటను సైతము నేర్చినవాడగును. నాయుడుగారి ఏడు టెస్టులు అట్టి బాలుని కొఱకు నేటికిని కాచుకొనియున్నవి.